మూడు నిప్పట్ల బేరం

జర్మనీ,
నవంబరు 2

ఫోను మీద ఏమాత్రం నమ్మకం లేని మా పెదనాయన కృష్ణప్పకు, మూడో అంతస్తు నుంచి సుప్రజ దండాలు.

నువ్వూ, పెద్దమ్మా, దొడ్లో కట్టేసినవీ అందరూ కులాసా అని తలుస్తాను. ఇక్కడ నేనూ, నీ మనవరాలు రూపా కులాసా. నేను బాగానే ఉన్నాను. ఆసుపత్రిలో అందరూ మర్యాదస్తులు. మదనపల్లెలో పదేళ్లు చేసిన నర్సు పనే ఇక్కడా చేస్తున్నాను. ఒకటే తేడా. అక్కడ ఒక పేషెంటుకు సూది వేసేలోగా వాళ్ల ఊరు, వాళ్ల బోరులో నీళ్లు ఎన్ని అడుగుల్లో పడ్డాయి, వాళ్ల చిన్నకోడలు చేసిన ఘనకార్యాలు అన్నీ తెలిసిపోయేవి. ఇక్కడ "ఒకటి నుంచి పది వరకు నొప్పి ఎంత?" అని అడుగుతాను. "ఆరు" అంటారు. అంతటితో ఆ పూటకు మాటలు అయిపోతాయి.

ఫోనులో మాట్లాడమంటే, "గాల్లోకి పొయ్యిన మాట ఎవురి సొంతమో చెప్పలేం, నేను మాట్లాడను" అని కూర్చున్నావు. సరే, నీ పంతం ప్రకారమే కాగితం మీద రాసి, ఫోటో తీసి జిరాక్సు కాంతమ్మక్కకు పంపిస్తున్నాను. ఆమె ప్రింటు తీసి నీకిస్తుంది. కాంతమ్మక్కా, చదవకుండా ఇవ్వు.

అసలు సంగతికి వస్తాను. రూప బడిలో నోరు విప్పడం లేదు. రెండు నెలలయింది. ఇంట్లో నా చెవులు చిల్లులు పడేలా వాగుతుంది, బడి గేటు దాటితే ఒక్క ముక్క రాదు. క్రిస్మస్ సెలవుల్లోగా మాట్లాడకపోతే ఒకటో తరగతి నుంచి తీసి చిన్నపిల్లల బడికి పంపిస్తామని బెక్కర్ టీచరు కబురు చేసింది. దానికి తోడు ఈ వారం ఒక చీటీ వచ్చింది. రూప తన ఎర్ర స్కార్ఫును పక్కపిల్లల చేతుల మీద కప్పి, దాని కింద వాళ్ల వేళ్లు పట్టుకుని కూర్చుంటోందట. ఇది మీ సంప్రదాయమా అని అడిగింది. పెదనాయనా, నువ్వు దాన్ని పశువుల సంతకు ఎత్తుకుపోయి ఏం నేర్పించావో నిజం చెప్పు.

నీ మాట కోసం ఎదురుచూసే
సుప్రజ

తా.క.: పెద్దమ్మ నూనెలో వేయించి ఇచ్చిన నిప్పట్ల డబ్బా సగమయింది. రోజూ బడికి మూడు పెడుతున్నాను. డబ్బా ఖాళీగా తిరిగొస్తుంది, బిడ్డ మాత్రం ఆకలితో వచ్చి అన్నం మీద పడుతుంది. ఎవరో లాక్కుంటున్నారని నా అనుమానం.


పుంగనూరు,
నవంబరు 5

దేశం దాటినా పెద్దవాళ్ల మీద నింద వేయడం మరిచిపోని సుప్రజకు, పెదనాయన కృష్ణప్ప మనసారా దీవించి రాస్తున్నాను.

అవును, నేనే నేర్పించాను. అందులో తప్పేముంది? వేరే తాతలు మనవరాళ్లకు చాక్లెట్లు కొనిపెట్టి పళ్లు పాడు చేస్తారు. నేను విద్య నేర్పించాను. నలభై ఏళ్లుగా పుంగనూరు సంతలో దళారిగా నిలబడ్డానంటే అది ఈ తువ్వాలు మహిమే. అమ్మేవాడి చేయీ కొనేవాడి చేయీ తువ్వాలు కింద కలుస్తాయి. ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత ధర. చుట్టూ వందమంది మూగినా ఒక్కడికీ తెలియదు. నోటితో పనే లేదు. కాబట్టి జర్మనీ భాష రాని పిల్ల ఆ దేశంలో ఏం చేయాలో రూప సరిగ్గా అదే చేస్తోంది. నువ్వే అనవసరంగా కంగారు పడుతున్నావు.

నాలుగేళ్ల వయసు నుంచి నా భుజం మీద కూర్చుని చూసిన పిల్ల. మొన్న వేసవిలో ఒక రామసముద్రం రైతు ఎద్దుకు ఎక్కువ చెబుతుంటే, నా తువ్వాలు కింద తన చేయి కూడా దూర్చి ఒక వేలు మడిచేసింది. ఆ రైతు అది నా వేలే అనుకుని ఒప్పుకున్నాడు.

కాబట్టి ఎవరూ నిప్పట్లు లాక్కోవడం లేదు. రూప అమ్ముతోంది. మీ పెద్దమ్మ బయ్యమ్మ చేసిన నిప్పట్లకు ఏ దేశంలోనైనా గిరాకీ ఉంటుంది. నువ్వు చేయాల్సింది ఒక్కటే. దానికి బదులు ఏం పుచ్చుకుంటోందో సంచి వెతికి చూడు. రబ్బరా, పెన్సిలా, బొమ్మలా? వివరంగా రాయి. ధర సరిగ్గా పలికిందో లేదో ఇక్కడి నుంచి చూసి చెబుతాను.

నీ మేలు కోరే
కృష్ణప్ప

తా.క.: "సుప్రజా, నేను కాంతమ్మని. నీ ఉత్తరం నేను చదవలా. ప్రింటు తీసేటప్పుడు, మీ పెదనాయన జవాబు ఫోటో తీసేటప్పుడు అచ్చరాలు వాటంతటవే కండ్లకు తగిలినాయి, అంతే. రూపను తలుచుకుంటే బాధగా ఉండాది. షాపు ముందర క్యూలో ఉండేవాళ్లు గూడా బాధపడతాండారు."


జర్మనీ,
నవంబరు 13

విద్య నేర్పించి నా కొంప ముంచిన పెదనాయనకు, సుప్రజ నమస్కారాలు.

సంచి వెతికాను. అడుగు బట్ట కూడా తిరగేసి చూశాను. రబ్బరు లేదు, పెన్సిలు లేదు, చింపిన కాగితం ముక్క కూడా లేదు. మూడు నిప్పట్లు పోతున్నాయి, ఏమీ రావడం లేదు. రూపను కూర్చోబెట్టి బుజ్జగించి అడిగాను. అది నన్ను పైకీ కిందకీ చూసి, "బేరం నడస్తాండాదిమా. మద్దెలో తువ్వాలు ఎత్తకూడదు. తాత చెప్పినాడు" అంది. ఆరేళ్ల పిల్ల! ఆ మాట చెప్పి బొమ్మలు గీసుకోవడానికి పోయింది. ఈ మధ్య కాగితాలు కూడా తెగ ఖర్చు చేస్తోంది.

ఇంతలో టీచరు దగ్గర నుంచి రెండో చీటీ. ఇప్పుడు పదకొండు మంది పిల్లలు స్కార్ఫులు పట్టుకుని తిరుగుతున్నారట. ఇంటర్వెల్లులో ఎక్కడ చూసినా ఇద్దరిద్దరుగా చేతులు కప్పుకుని, పెదవులు బిగించి కూర్చుంటున్నారట. మొదటి రోజు తరగతి ఇంత నిశ్శబ్దంగా ఉందని ఆమె సంతోషించిందట. మూడో రోజుకు భయం పట్టుకుందట.

సరే, నేనే వెళ్లి వివరించాను. నాకు వచ్చిన జర్మను భాష నీకు తెలుసు కదా. ఆసుపత్రి మాటలు తప్ప మిగతావి తడుముకోవాలి. "మా పెదనాయన సంతలో ముక్కూముఖం తెలియని మగవాళ్ల చేతులు బట్ట కింద పట్టుకుంటాడు. నలభై ఏళ్లుగా ఇదే ఆయన ఉద్యోగం. పాపకు కూడా ఆయనే నేర్పించాడు" అన్నాను. ఆమె కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుంది. తర్వాత చాలా దయగా ఒక మానసిక వైద్యుడి చిరునామా రాసిచ్చింది. రూప కోసమనుకున్నాను. నీ కోసమట.

పెదనాయనా, ఇది నవ్వులాట కాదు. బిడ్డ బడిలో నిలదొక్కుకోకపోతే నేను ఈ ఉద్యోగం పట్టుకుని వేలాడడంలో అర్థం లేదు. దానికోసమే కదా వచ్చింది. నా సంగతి వదిలేయి, నేను బాగానే ఉన్నాను.

నీ తువ్వాలు మీద కోపంగా ఉన్న
సుప్రజ

తా.క.: ఇక్కడ ఆదివారం గోడకు మేకు కూడా కొట్టకూడదు, చప్పుడు చేస్తే పక్కవాళ్లు ఫిర్యాదు చేస్తారు. మొన్న వాషింగ్ మెషినుతో "కాస్త నిదానంగా తిరుగమ్మా తల్లీ" అని చెప్పాను. అది వినలేదు. అయినా తెలుగులో నాలుగు మాటలు మాట్లాడినట్టయింది.


పుంగనూరు,
నవంబరు 16

పరాయిదేశంలో నా పరువు ఏమవుతుందోనని నన్ను బెంగలో ముంచిన సుప్రజకు, కృష్ణప్ప ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి రెండు ముద్దలు కూడా తినలేకపోయాను. నా దగ్గర విద్య నేర్చుకున్న పిల్ల సరుకు ఇచ్చి, చేతులు ఊపుకుంటూ ఇంటికి రావడమా! ఈ సంగతి సంతలో తెలిస్తే నా చేయి పట్టుకునేవాడు ఉంటాడా? ఆ వైద్యుడి చిరునామా ఆ టీచరమ్మ దగ్గరే పెట్టుకోమను. ముందు ఈ లెక్క తేలాలి.

మర్నాడు పొద్దున పాలు పితుకుతూ ఆలోచించాను. సగం చెంబు నిండేసరికి తట్టింది. సుప్రజా, మన పిల్ల మోసపోలేదు. అది కట్టింది బయానా! ఏదైనా పెద్ద బేరం పెట్టుకున్నప్పుడు ముందుగా కొంత చేతిలో పెడతాం కదా, అది. చూడు మరి. రోజుకు మూడు నిప్పట్లు. రోజుకొక పిల్లకాయకు. పదకొండు మంది. ఒక్కొక్కరికీ సమానంగా వాటా. అంటే వీళ్లందరూ కలిసి అమ్మే సరుకు ఒకటి ఉంది. అది సంచిలో పట్టేది కాదు. పెన్సిలూ కాదు, రబ్బరూ కాదు. పదకొండు ఇళ్లవాళ్లు వాటాలు వేసుకుని పెంచేది, తరవాత ఒకేసారి తోలిచ్చేది ఏమిటో నేను నీకు చెప్పాలా?

ఆవు.

నీ కూతురు అక్కడ ఆవును కొంటోంది. సందేహమే లేదు. కాంతమ్మ కంప్యూటర్లో జర్మనీ ఆవుల్ని చూపించింది. నల్లమచ్చలు, పొదుగు భేషుగ్గా ఉంది, కానీ మనిషి ఎత్తున్నాయి. మన పుంగనూరు రకమైతే బాల్కనీలో సుఖంగా సరిపోయేది. నీ బాల్కనీ పొడవూ వెడల్పూ కొలిచి పంపు. పగ్గం ఒకటి, మెడకు గంట ఒకటి, నిప్పట్లు రెండు డబ్బాలు పార్సిలు చేస్తున్నాను. బేరం చివరికి వచ్చాక నిప్పట్లు తక్కువపడితే మన మాట పోతుంది.

నువ్వు ధైర్యంగా ఉండు. పిల్లను ఏమీ అడగొద్దు. పగ్గం చేతులు మారేదాకా కన్నతల్లికి కూడా చెప్పకూడదని నేనే దానికి నేర్పించాను.

గర్వంతో
కృష్ణప్ప

తా.క.: మూడో అంతస్తు అన్నావు. ఆవు మెట్లు ఎక్కుతుంది, దిగదు. ఆలోచించుకో.


జర్మనీ,
డిసెంబరు 8

ఆవు తప్ప వేరే ఆలోచన లేని పెదనాయనకు, విసిగిపోయిన సుప్రజ రాయడమేమంటే.

పార్సిలు చేరింది. డబ్బా మీద ఇంగ్లీషులో "ఆవు పగ్గం, ఆవు గంట" అని అంత పెద్ద అక్షరాలతో ఎవరు రాయమన్నారు? నేను డ్యూటీలో ఉంటే పోస్టుమాను దాన్ని కింద ఉండే మా ఇంటి ఓనరావిడకు ఇచ్చి పోయాడు. ఆమె డబ్బా ఒక చేతిలో, ఇంటి అద్దె కాగితాలు ఒక చేతిలో పట్టుకుని పైకి వచ్చింది. చేపలు పెంచుకోవచ్చట, చిలకను పెంచుకోవచ్చట, నాలుగు కాళ్లవాటిలో పిల్లి వరకే ఒప్పుకుంటుందట. మా ఇంట్లో ఆవు లేదమ్మా అని ఒట్టు పెట్టాను. నా భుజం మీదుగా బాల్కనీలోకి చూసి, నమ్మినట్టు నవ్వి వెళ్లిపోయింది.

బడి సంగతి ఇంకా ముదిరింది. ఇప్పుడు తరగతి మొత్తం, ఇరవై ఇద్దరూ, మౌనవ్రతం. ఇళ్ల నుంచి ఫిర్యాదులు మొదలయ్యాయి. ఒక పిల్లవాడు భోజనాల దగ్గర నాప్కిన్ కింద నాన్న వేళ్లు పట్టుకుని ఎంతకూ వదలలేదట. ఇంకొక పిల్ల వాళ్లమ్మతో బేరం కుదిరితే తప్ప స్నానం చేయనందట. వచ్చే సోమవారం పదిహేనో తేదీన తల్లిదండ్రుల సమావేశం పెట్టారు. రూపను చిన్నపిల్లల బడికి మార్చే సంగతి ఆ రోజే తేలుస్తారు.

పెదనాయనా, నేను అలిసిపోయాను. రాజీనామా కాగితం రాసి సంచిలో పెట్టుకున్నాను. ఆ సోమవారమే ఇచ్చేస్తాను. మదనపల్లె ఆసుపత్రిలో నా పాత ఉద్యోగం ఖాళీగా ఉందేమో కనుక్కో. కుప్పంలో మీ అల్లుడు భానుప్రకాశ్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, వేసవికి మా దగ్గరికి రావడానికి వీసా కాగితాలు పోగేసుకుంటున్నాడు. ఆయనకింకా చెప్పలేదు. ఫోను చేసినప్పుడల్లా బాగానే ఉన్నానని చెప్పి పెట్టేస్తున్నాను. నేను బాగానే ఉన్నాను కూడా. బిడ్డ గురించే.

నిన్న వంటింట్లో కూర్చుని ఏడ్చాను. రూప చూసింది. తువ్వాలు తెచ్చి నా చేతి మీద కప్పి, నా వేళ్లు నాలుగు గట్టిగా పట్టుకుంది. నాలుగు ఏమిటే అన్నాను. "వచ్చే ఆదివారం దాకా యాడికీ పోవద్దుమా" అని మాత్రం చెప్పింది.

ఇట్లు,
ఓడిపోయిన
సుప్రజ

తా.క.: ఇంటావిడ ఇప్పుడే మళ్లీ తలుపు కొట్టి పోయింది. రూప గంట మోగిస్తోంది.


పుంగనూరు,
డిసెంబరు 10

తొందరపడి బేరం చెడగొట్టబోతున్న సుప్రజకు, పెదనాయన కృష్ణప్ప దీవెనలతో పాటు ఒక మొట్టికాయ.

బస్సెక్కి మదనపల్లె పోయి నీ ఉద్యోగం సంగతి కనుక్కున్నాను. ఖాళీ ఉందట. ఒకటో తేదీకి వచ్చి చేరమన్నారు. నువ్వు వస్తే నాకూ మీ పెద్దమ్మకూ పండగే. నువ్వు పోయినప్పటి నుంచి ఆమె పొరపాటున నీకూ రూపకూ కూడా కలిపి బియ్యం వేస్తోంది, మిగిలిన అన్నం కోళ్లు తింటున్నాయి. కోళ్లు బాగా బలిశాయి. రమ్మని రాయాలనే చేయి లాగుతోంది. కానీ రాయను.

ఒక మాట చెప్పనా? నీ మూడు ఉత్తరాలూ ముందు పెట్టుకుని మళ్లీ చదివాను. "నేను బాగానే ఉన్నాను" అని నాలుగుసార్లు రాశావు. సంతలో పశువు నిజంగా బాగుంటే అమ్మేవాడు ఒక్కసారే చెబుతాడు. నాలుగుసార్లు చెప్పాడంటే నేను వంగి దాని కాళ్లు చూస్తాను. ఇంత దూరం నుంచి నీ కాళ్లు చూడలేను కదమ్మా. నీ కష్టం ఏదో సరిగ్గా తెలియడం లేదు. అది నా మనసును పీకుతోంది.

ఇక నాలుగు వేళ్ల సంగతి. ఇంత చిన్న విషయం దళారి ఇంట్లో పెరిగిన నీకు తట్టలేదా? పశువు వయసు పళ్లు చూసి చెబుతాం. నాలుగు వేళ్లంటే నాలుగు పళ్లది! లేత వయసు, ఈనడానికి సిద్ధం. భేషైన ఎంపిక. ఆదివారం తోలుకొస్తారు. అందుకే ఎక్కడికీ పోవద్దంది.

కాబట్టి చెప్పినట్టు చేయి. ఆదివారం ఇల్లు ఊడ్చి శుభ్రం చేయి. తల దువ్వుకుని మంచి చీర కట్టుకో. ఏడుపు ముఖంతో ఎదురుపోవద్దు. పళ్లెంలో పసుపు, కుంకుమ, హారతి కర్పూరం పెట్టుకో. గుప్పెడు పచ్చగడ్డి సిద్ధంగా ఉంచు. వాకిట్లో అడుగు పెట్టగానే బొట్టు పెట్టి హారతివ్వు. ఆ రాజీనామా కాగితం సోమవారం మధ్యాహ్నం దాకా సంచిలోనే ఉండనీ. నా మాట మీద గౌరవం ఉంటే ఇది ఒక్కటి విను. ఆ తర్వాత నువ్వు ఏం చేసినా నేను కాదనను.

నీ కోసం దిగులుపడే
కృష్ణప్ప

తా.క.: "సుప్రజా, కాంతమ్మని. ఆవుకు పేరు పెట్టాల కదా. క్యూలో ఉండేవాళ్లు తలా ఒక చీటీ రాసిచ్చినారు. మొత్తం పదిహేడు పేర్లు. నేను రాసింది నీలవేణి. అందరి చీటీలూ కలిపి యాడనో పోగొట్టినా గాని, నాది మాత్రం భద్రంగా ఉండాది. ఆ పేరే పెట్టు."


జర్మనీ,
డిసెంబరు 15

ఊరికీ సంతకూ కనిపించేలా తల ఎత్తుకుని నడవాల్సిన మా పెదనాయనకు, నిన్నటి నుంచి గొంతు బొంగురుపోయిన సుప్రజ వెయ్యి దండాలు.

నువ్వు చెప్పినట్టే చేశాను. నీ మీద గౌరవంతో కొంత, రూప పోరు పడలేక కొంత. పొద్దున్నే పార్కుకు పోయి వానలో తడిసిన గడ్డి కోసుకొచ్చాను. కింద ఇంటావిడ కిటికీలోంచి నా చేతిలో గడ్డి చూసింది. ఆమె ముఖం గురించి రాయడం నా వల్ల కాదు. ఇల్లు ఊడ్చాను. మెరూన్ పట్టుచీర కట్టుకున్నాను. రూప దగ్గరుండి జడ వేయించింది, "పువ్వుల్లేవు, పోనీలే" అని పెద్దరికంగా సర్దుకుంది.

సాయంత్రం సరిగ్గా నాలుగు గంటలకు బెల్లు మోగింది. నాలుగు పళ్లు కాదు పెదనాయనా, నాలుగు గంటలు.

పళ్లెం పట్టుకుని తలుపు తీశాను. మెట్ల మీద వరసగా పది మంది ఆడవాళ్లు, వానకోట్లలో, గొడుగుల్లోంచి నీళ్లు కారుతూ, చేతుల్లో కేకులు పట్టుకుని నిలబడ్డారు. ఒక్కొక్కరి పక్కన ఒక్కో పిల్ల, ఒక్కో పిల్లవాడు, కోడెను తోలుకొచ్చిన రైతు మాదిరి ఛాతీ విరుచుకుని ఉన్నారు. నాకు ఏం చేయాలో తోచలేదు. చేతిలో హారతి వెలుగుతోంది. ముందు నిలబడిన ఆవిడకు బొట్టు పెట్టి హారతిచ్చాను. ఆమె తల వంచి, రెండు చేతులూ జోడించింది. అది చూసి వెనక ఉన్నవాళ్లందరూ వరసలో నిలబడ్డారు.

ఒకావిడ కోటు జేబులోంచి కాగితం తీసి చూపించింది. రూప గీసిన బొమ్మ. ఇద్దరు ఆడవాళ్లు కప్పులు పట్టుకుని కూర్చున్నారు. ఒకామెకు పొడుగు జడ, నోరు లేదు. రెండో ఆమెకు ముఖమంతా నోరే. పైన గడియారంలో నాలుగు. కింద మూడు నిప్పట్లు. ఇలాంటి బొమ్మ అందరి ఇళ్లలోనూ ఉందట.

మూడు నిప్పట్లకు ఒక అమ్మ. అదీ పెదనాయనా బేరం. నిప్పట్లు తిన్న ప్రతివాడూ వాళ్లమ్మను ఆదివారం నాలుగు గంటలకు మా ఇంటికి తోలుకురావాలి, ఆమె మా అమ్మతో కూర్చుని మాట్లాడాలి. ఆ పిల్లకాయలు మళ్లీ ఇళ్లలో నాప్కిన్ల కింద వాళ్ల అమ్మానాన్నలతో బేరాలాడారు. ఒకడు వారం రోజులు మారు మాట్లాడకుండా క్యాబేజీ తింటానని ఒప్పుకుంటే తప్ప వాళ్లమ్మ కదల్లేదట. పదకొండో పిల్లవాడి అమ్మ ఊళ్లో లేదని వాడు నాన్నను తోలుకొచ్చాడు. రూప ఒప్పుకోలేదు. ఒక నిప్పట్టు వెనక్కి ఇవ్వమంది. పాపం, ఆయన పక్క వీధిలో ఉన్న అక్కయ్యకు ఫోను చేసి పిలిపించాక గాని లోపలికి రానివ్వలేదు.

వాకిట్లోనే రూపను దగ్గరకు లాక్కుని "ఎందుకే ఇదంతా?" అన్నాను.

"నీకు మాట్లాడేదానికి ఎవురూ లేరు గదమా. బట్టలుతికే మిషన్‌తో మాట్లాడతాండావు. అందుకే కొన్నా" అంది.

నువ్వు వంగి చూడాలన్న కాళ్లు నావే పెదనాయనా. మూడు నెలలుగా బిడ్డ మాట్లాడడం లేదని ఊరంతా చెప్పుకుని ఏడ్చాను కదా, మాట్లాడనిది నేను. డ్యూటీకి పోయి అంకెలు అడిగి, ఇంటికొచ్చి తలుపేసుకున్నాను. ఎదురింట్లో ఎవరున్నారో కూడా నాకు తెలియదు. అది నాకు తెలియలేదు, దానికి తెలిసింది. వాకిట్లో నిలబడి అందరి ముందూ ఏడ్చేశాను. అప్పుడు ముందు నిలబడిన ఆవిడ కేకు పక్కన పెట్టి నన్ను గట్టిగా పట్టుకుంది. ఆమె పేరు కూడా అప్పటికి నాకు తెలియదు.

అంతలో రూప జర్మను భాషలో ఒక్క అరుపు అరిచింది. "బూట్లు ఇక్కడ విప్పండి! తడి కాళ్లతో లోపలికి రావద్దు!" పిల్లకాయలు కొయ్యబారిపోయారు. ఇన్ని నెలల్లో దాని గొంతు వాళ్లు వినడం అదే మొదటిసారి. ఇప్పుడెందుకు మాట్లాడావే అంటే, "సరుకు చేతికొచ్చింది గదా, ఇంక తువ్వాలు ఎత్తేయచ్చు" అంది. భాష ఎప్పుడో వచ్చిందట. బేరం మధ్యలో నోరు తెరవకూడదని ఆగిందట. ఈ మాట కోసం నిన్ను తిట్టాలో మొక్కాలో నాకు తెలియడం లేదు.

గంటసేపని వచ్చినవాళ్లు ఏడున్నరకు లేచారు. నా జర్మను విని నవ్వారు, నేనూ నవ్వాను, మధ్యలో తెలుగు కలిపేశాను, ఎవరూ పట్టించుకోలేదు. ఆదివారం పూట ఆ గోల విని కింద ఇంటావిడ పరుగున పైకి వచ్చింది. ఆవు దిగిందనుకుంది పాపం. బాల్కనీ, పడగ్గది, స్నానాలగది అన్నీ చూసుకుని, ఏమీ కనపడక, కుర్చీ లాక్కుని కూర్చుని రెండు కప్పుల టీ తాగింది. ఆమెకు మాత్రం నిప్పట్లు ఇచ్చే పని పడలేదు.

ఈ పొద్దు బడిలో సమావేశం అయింది. రూప ఒకటో తరగతిలోనే ఉంటుంది. పాఠం మధ్యలో మాట్లాడకుండా ఇంట్లో కాస్త భయం చెప్పమని బెక్కర్ టీచరు చీటీ రాసింది. ఆ చీటీ దేవుడి పటం దగ్గర పెట్టాను. మదనపల్లె వాళ్లకు ఆ ఉద్యోగం ఇంకెవరికైనా ఇచ్చుకోమని చెప్పు. రాజీనామా కాగితం వెనక అమ్మల పేర్లూ, ఇళ్ల నంబర్లూ రాసుకున్నాను. బుధవారం ఒకామె నన్ను కూరగాయల సంతకు తీసుకుపోతానంది. శుక్రవారం ఇంకొకామె ఇంట్లో నిప్పట్లు చేసి చూపించాలి. శనివారం ఇంటావిడతో కాఫీ. కాబట్టి వచ్చే వారం నా దగ్గర నుంచి ఉత్తరం రాకపోతే బెంగ పెట్టుకోవద్దు. నాకు తీరిక ఉండదు.

మీ
సుప్రజ

తా.క.: ఈ బొట్టూ హారతీ ఎందుకని వాళ్లందరూ అడిగారు. మా ఊళ్లో ఇంటికి వచ్చిన పెద్దమనుషులను ఇలాగే గౌరవిస్తామని చెప్పాను. ఒకావిడ కళ్లు చెమర్చాయి. గడ్డి కట్టను మాత్రం వెనక దాచాను, అయినా ఒకామె చూసి కొత్తిమీర అనుకుని వాసన చూసింది. ఆ పళ్లెం అసలు ఎవరి కోసం సిద్ధం చేశానో నీకూ, నాకూ, పెద్దమ్మకూ, కాంతమ్మక్కకూ, ఆమె షాపు ముందు క్యూలో ఉన్నవాళ్లకూ తప్ప ప్రపంచంలో ఇంకెవరికీ తెలియకూడదు.